అడవిపందుల కావలికి రైఫిల్ మోసే బ్యాగు: కొలతల నుంచి కుట్టు దాకా నా అనుభవం

.315 రైఫిల్ పొడవు దాదాపు 43 అంగుళాలు. మామూలు ట్రెక్కింగ్ బ్యాగు ఎత్తు 24, మహా అయితే 28 అంగుళాలు. మిగిలిన ఆ మూరెడు ఇనుము పైకి పోవాలా, కిందికి పోవాలా అన్నదే ఈ పనిలో అసలు తంటా. స్లింగు (రైఫిల్ మోసే పట్టీ) భుజానికి తగిలించుకుంటే పోలేదా అంటారు. రోడ్డు దిగి నాలుగడుగుల్లో మంచె ఉంటే అదే చాలు. కానీ అచ్చంపేట, కొల్లాపూర్, దేవరకొండ వైపు పల్లి చేన్లూ మక్క చేన్లూ చాలావరకు రాళ్ల గుట్టలు దాటాక, అడవి అంచున ఉంటాయి. బండి ఆగిన చోటి నుంచి రెండు మూడు కిలోమీటర్లు నడక. గెట్లు ఎక్కాలి, కంప దాటాలి, చీకట్లో టార్చి పట్టుకోవాలి. వంగిన ప్రతిసారీ స్లింగు భుజం మీంచి జారి మోచేతికొస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే రైఫిల్ వీపు మీదికి ఎక్కాల్సిందే.

ముందు కాగితాల మాట చెప్పుకోవాలి, ఎందుకంటే బ్యాగు ఆకారాన్ని సగం అవే తేలుస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 1991లో సవరణ వచ్చాక మన దగ్గర సరదా వేట అన్నది లేదు. పంట పాడుచేసే అడవిపందిని కొట్టాలన్నా ఆ చట్టం 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతి ఉండాలి, కొట్టిన జంతువు ప్రభుత్వ సొత్తు. కాబట్టి విదేశీ వీడియోల్లో వేట బ్యాగుల గురించి చెప్పే సంగతుల్లో సగం మనకు పనికిరావు. వాళ్లు ముప్పై నలభై కిలోల మాంసం మోసుకొచ్చే ఫ్రేము గురించి మాట్లాడతారు. మనం మోసేది రైఫిలూ, నీళ్లూ, టార్చీ, కాగితాలూ, ఒక దుప్పటీ. అన్నీ కలిపి తొమ్మిది పది కిలోలు దాటవు. 80 లీటర్ల బ్యాగు కొనడం డబ్బు దండగ.

రెండోది 2016 ఆయుధ నియమాలు. బహిరంగ ప్రదేశంలో పొడవాటి తుపాకీని మోయాలంటే అది దాని కోసం తయారుచేసిన లేదా మార్చిన తొడుగులో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి. బ్యాగు పక్కన బట్ (భుజానికి ఆనించే వెనక చెక్క) బయటికి కనబడేలా తగిలించుకుని నడిచే పద్ధతి ఫొటోల్లో బాగుంటుంది గానీ మన ఊరి బజార్లో చెల్లదు. చేను దాకా పోయే దారంతా బహిరంగ ప్రదేశమే.

ఈ రెండూ కలిపి చూసుకున్నాక నేను తేల్చుకున్నది ఒక్కటే: కవరు వేరు, బ్యాగు వేరు. రైఫిల్ పట్టే బ్యాగు కోసం వెతకడం మానేసి, రైఫిల్‌కు నిలువెత్తు కవరు కుట్టించాలి. ఆ కవరును గట్టిగా పట్టుకునే రెండు మూడు ఆధారాలు బ్యాగుకు కుట్టించాలి. విడదీస్తే కవరు ఒక్కటే వీపుకు వేసుకోవచ్చు, కలిపితే బ్యాగుతో పాటు నడుస్తుంది. దీనివల్ల ఎంత సుఖమో మోటారు సైకిల్ దగ్గరికి వచ్చేసరికి తెలుస్తుంది.

పన్నెండు బోరు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. గొట్టాలు ఊడదీస్తే పొడవైన ముక్క 28, 30 అంగుళాలే ఉంటుంది. కాస్త పొడుగు బ్యాగులో బట్ట చుట్టి నిలబెడితే అయిపోయింది. ఇక్కడినుంచి చెప్పేదంతా ఊడదీయని బోల్టు రైఫిల్ గురించి. బోల్టు అంటే తూటాను గొట్టంలోకి తోసి వెనక మూసే ఇనుప కడ్డీ.

బ్యాగు ఎంపిక

35 నుంచి 40 లీటర్లు చాలు. చూడాల్సింది లీటర్లు కాదు, వీపు వైపు లోపల అల్యూమినియం పట్టీ ఉందా లేదా అన్నది. ఒక పక్కన మూడున్నర కిలోల రైఫిల్ వేలాడితే, ఫ్రేము లేని బ్యాగు ఆ పక్కకు వంకరపోతుంది. భుజం పట్టీ కుట్టు దగ్గర బరువంతా పడి బట్ట సాగుతుంది. కాలేజీ బ్యాగులు, ల్యాప్‌టాప్ బ్యాగులు ఇక్కడే ఓడిపోతాయి. దుకాణంలో వీపు వైపు జిప్పు తీసి చెయ్యి పెట్టి చూడండి. కొన్నింటిలో పట్టీకి బదులు ప్లాస్టిక్ షీటు ఒక్కటే ఉంటుంది. పక్కకు లాగే బరువుకు అది ఆగదు.

వీపు పొడవు కొలవాలి. తల వంచితే మెడ కింద పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుము ఎముకల పైఅంచు దాకా. నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, వీపు పొడవు 18 అంగుళాలు. బ్యాగు వీపు పొడవు అంతకంటే పెద్దదైతే నడుము బెల్టు పిర్రల మీదికి జారి, బరువు మళ్లీ భుజాలకే వస్తుంది. నడుము బెల్టు రెండు వేళ్ల మందం మెత్తతో ఉండాలి. ఉత్త పట్టీ అయితే అది ఉన్నా లేనట్టే.

రంగు విషయంలో నా మాట కచ్చితం: మిలిటరీ మచ్చల డిజైన్ వద్దు. నల్లమల అంచు పల్లెల్లో, వీపు మీద పొడుగు కవరుతో, మచ్చల బ్యాగుతో కనబడితే జనం ఏమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. మట్టి రంగు, బూడిద రంగు, ముదురు ఆకుపచ్చ ఏదైనా సరే. పై మూత మీద మాత్రం చేతి వెడల్పు రేడియం టేపు కుట్టించాలి. అదే చేన్లో వేరే కావలివాళ్లు ఉంటారు, వాళ్ల టార్చి వెలుతురు పడగానే మనిషని తెలియాలి. మంచె ఎక్కాక దాని మీదికి మడిచేలా ఒక బట్ట రెక్క పెట్టుకుంటే మెరుపు కనబడదు.

కర్ర రైఫిల్

కుట్టేవాడు కొలత కోసం తుపాకీ తెమ్మంటాడు. తీసుకుపోవద్దు. లైసెన్సు లేని మనిషి చేతిలో ఆయుధం పెట్టి సాయంత్రం వస్తానని వచ్చేస్తే అది నేరం. నేను మోటారు సైకిల్ సీట్లు కుట్టే దుకాణంలో పని చేయించాను. ఆ భాయ్ "తుపాకీ లేకుండా కొలతెట్ల పెట్టాలె సార్?" అన్నాడు. "కర్ర తెస్తా భాయ్, దానికే కుట్టు" అన్నాను.

ఇంట్లో రైఫిల్ ఖాళీ చేసి, బోల్టు తీసి, పెద్ద అట్ట మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయాలి. మందం మూడు చోట్ల రాసుకోవాలి: బట్ దగ్గర, మ్యాగజైన్ (తూటాలు నింపే అర) దగ్గర, గొట్టం కొన దగ్గర. స్కోపు (గురి చూసే దుర్భిణి) ఉంటే దాని ఎత్తూ, అది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కూడా గుర్తు పెట్టాలి. ఆ అట్ట వడ్లాయనకు ఇస్తే ఒకటిన్నర అంగుళం మందం చెక్కలో అదే ఆకారం కోసిస్తాడు. చెక్క తేలిక కాబట్టి ఇసుక నింపిన చిన్న సంచులు కట్టి 3.4 కిలోలకు తేవాలి. సంచులు ఎక్కడ కట్టాలన్నది ముఖ్యం: అసలు రైఫిల్‌ను ఒక వేలి మీద నిలబెడితే మ్యాగజైన్‌కు కాస్త ముందు తూగుతుంది. కర్ర కూడా అక్కడే తూగాలి. లేకపోతే కర్రతో బాగున్న బ్యాగు రైఫిల్‌తో ఊగుతుంది. దుకాణంలో కొలతకూ, తర్వాత ఊరి చుట్టూ నడిచి చూడడానికీ ఈ కర్రే వాడాలి. ఊళ్లో పిల్లలు నవ్వుతారు, అంతకు మించి నష్టం లేదు.

కవరు

పొడవు 46 అంగుళాలు, అంటే రైఫిల్ కంటే మూడు ఎక్కువ. బట్ నుంచి మ్యాగజైన్ దాకా వెడల్పు 8, అక్కడినుంచి సన్నబడుతూ కొన దగ్గర 4. స్కోపు ఉంటే మధ్యలో మరో మూడు అంగుళాల పొట్ట పెట్టాలి. బయటి బట్ట మందపాటి నూలు కాన్వాస్. నైలాన్ గట్టిదే, తడిసినా త్వరగా ఆరుతుంది, కానీ కొమ్మ రాసుకుంటే గరగరమంటుంది. అడవిపందికి చూపు అంతంత మాత్రమే. ముక్కూ చెవీ మాత్రం మహా చురుకు. కాబట్టి శబ్దం రాని బట్టకే నా ఓటు, బరువు పావు కిలో పెరిగినా సరే.

లోపల ఫోము. సోఫాలో వేసే స్పాంజి వద్దు, అది నీళ్లు తాగుతుంది. యోగా మ్యాటు కొనండి; 6 మిల్లీమీటర్ల మందంది రెండు పొరలు వేస్తే చాలు, దాని కణాలు మూసి ఉంటాయి గనక తడి పట్టదు. పొరలను గమ్ముతో అంటించి వదిలేస్తే ఏప్రిల్, మే ఎండల్లో కారులో ఉంచినప్పుడు గమ్ము కరిగి ఫోము కిందికి జారి ముద్దవుతుంది. జానెడుకో కుట్టు అడ్డంగా వేయించాలి. అస్తరుకు గొడుగు బట్ట బాగుంటుంది: నునుపు, చవక, తొందరగా ఆరుతుంది. మెత్తని ఫ్లానెల్ చేతికి బాగుంటుంది గానీ ఒక వానకే తడి పట్టి రెండ్రోజులు వదలదు. తోలు అస్తరు మరీ ప్రమాదం. తోలు పదును చేసిన రసాయనాలు తడితో కలిసి ఇనుము మీద తుప్పు మచ్చలు పెడతాయి.

లోపల గొట్టం కొన తగిలే చోట అరచేతంత రెగ్జిన్ ముక్క రెండు పొరలు అదనంగా కుట్టించాలి. గురి చూసేందుకు గొట్టం కొన మీదుండే ముందు సైటు మొన అక్కడే పదే పదే గుచ్చుకుంటుంది. రెగ్జిన్ లేకపోతే మొదట అస్తరు, తర్వాత ఫోము, చివరికి కాన్వాస్ చిరుగుతాయి. బట్ వైపు అడుగున ఒక ఇత్తడి ఐలెట్ (రంధ్రం చుట్టూ బిగించే రింగు) కొట్టించండి. లోపలికి చేరిన నీరు పోయే దారి అదొక్కటే.

జిప్పు పదో నంబరుది, ప్లాస్టిక్ కాయిల్‌ది. ఇనుప పళ్ల జిప్పు గొట్టం మీద గీతలు పెడుతుంది, మన ఎర్రమట్టి దుమ్ముకు బిగుసుకుపోతుంది. బట్ దగ్గర మొదలై కొనకు జానెడు ఇవతల ఆగాలి. చివరిదాకా తెరుచుకునే జిప్పు ఏదో ఒక రోజు మధ్యలో ఊడుతుంది, అప్పుడు రైఫిల్ జారి కొన నేలకు తగులుతుంది. పైన బట్ట రెక్క, దానికి వెల్క్రో కాకుండా రెండు కొయ్య గుండీలు. వెల్క్రో గురించి మళ్లీ చెప్తాను.

కవరుకు సొంతంగా ఒక భుజం పట్టీ కావాలి, 38 మిల్లీమీటర్ల వెడల్పుది. మ్యాగజైన్ దగ్గర ఒక కొస, గొట్టం వైపు మూడో వంతు దగ్గర ఇంకో కొస. తూగే చోటుకు రెండు వైపులా ఉండాలి కాబట్టి ఈ లెక్క.

అడుగు జేబు, పై పట్టీ

బట్ కిందికా, కొన కిందికా? కొన కిందికి పెడితే తల మీద ఎత్తు తగ్గుతుంది, కొమ్మలు తగలవు. కానీ బరువైన భాగం భుజాల దగ్గరికి చేరి ప్రతి అడుగుకూ బ్యాగు ఊగుతుంది, కూర్చున్నప్పుడు కొన రాయికి తగులుతుంది. బట్ కిందికి పెడితే బరువు నడుము దగ్గర ఉంటుంది. నేను బట్ కిందికే పెట్టాను. దీనికున్న లోపం ఏమిటంటే ముందుకు వంగినప్పుడు కొన ముందు నడిచేవాడి వైపు తిరుగుతుంది. మోసేటప్పుడు బోల్టు తీసి విడిగా పెడతాం కాబట్టి ప్రమాదం లేదు, అయినా వెనక నడవడం మర్యాద కాదు; రైఫిల్ ఉన్నవాడు ముందు నడవాలి.

బ్యాగు కుడి పక్కన అడుగు జేబు. లోపలి కొలత 6 అంగుళాల పొడవు, 3 వెడల్పు, 5 లోతు. రెండు పొరల కాన్వాస్, అడుగున లారీ టైరు ట్యూబు ముక్క, మధ్యలో నీరు కారే రంధ్రం. దీన్ని బ్యాగుకున్న జాలీ జేబులో కూర్చోబెట్టి సరిపెట్టేవాళ్లున్నారు. అది బాటిల్ జేబు, నెల తిరక్కుండా కుట్లు ఊడతాయి. అడుగు జేబును రెండు 38 మిల్లీమీటర్ల పట్టీలతో నడుము బెల్టు ఫ్రేముకు కలిసే చోట వేలాడదీయాలి. మూడో పట్టీ వెనకనుంచి బ్యాగు అడుగుకు. ఈ మూడోది లేకపోతే నడిచినప్పుడు బట్ ముందుకొచ్చి తొడకు కొడుతుంది.

ఎత్తు ఎంత ఉండాలన్నది మనిషిని బట్టి. నాకు జేబు అడుగు నేల నుంచి 29 అంగుళాలకు తెగింది. 43 అంగుళాల రైఫిల్, కవరు మందం కలిపితే కొన తల కంటే ఆరంగుళాల పైన ఉంటుంది. జేబు ఇంకో నాలుగంగుళాలు దింపితే గెట్టు ఎక్కేటప్పుడు బట్ మోకాలి వెనక తగులుతుంది. నాలుగు పెంచితే కొన తల మీద పదంగుళాలు. ఈ ఆరంగుళాలు గుర్తుంచుకోవాల్సింది తుమ్మ కొమ్మల కోసం కాదు, బావి మోటార్లకు పోయే కరెంటు తీగల కోసం. చేన్లలో తీగలు ఎంత కిందికి వేలాడతాయో రైతులకు తెలుసు. తీగ కనబడిన చోట బ్యాగు దించి చేత పట్టుకుని దాటాలి.

పై పట్టీ 25 మిల్లీమీటర్లది, భుజం ఎత్తులో, ఫ్రేము పైకొసకు కుట్టాలి. అది కవరును స్కోపుకు ముందు, చేతి పట్టు చెక్క మీద పట్టుకోవాలి. స్కోపు మీద పడితే బిగించిన ప్రతిసారీ స్కోపును పక్కకు తోస్తుంది, సరిచేసుకున్న గురి పోతుంది. మధ్యలో ఇంకో పట్టీ, కవరు తిరగకుండా. మధ్యది బిగించకముందు పైది బిగిస్తే కొన మెడ వైపు వాలుతుంది. క్రమం ఇదీ: అడుగు జేబులో కూర్చోబెట్టు, మధ్య పట్టీ, పై పట్టీ. విప్పేటప్పుడు పైనుంచి కిందికి, ఒక చెయ్యి కవరు మీదే ఉంచి.

బోల్టు బయటికి తీయడం వల్ల దక్కే లాభాల్లో ఇదొకటి, కుడివైపు పొడుచుకొచ్చే పిడి ఉండదు. పిడి ఉంటే కవరుకు ఒక పక్క ఉబ్బు కావాలి, ఆ ఉబ్బు పక్కటెముకలకు గుచ్చుకుంటుంది.

పట్టీ, దారం, కుట్టు

స్కూలు బ్యాగులకు వాడే పట్టీ చాలావరకు పాలీప్రొపిలిన్. బకిల్‌లో జారుతుంది, ఎండకు పెళుసవుతుంది. నైలాన్ కావాలి. దుకాణదారు ఏం చెప్పినా ఒక చిన్న ముక్క గ్లాసు నీళ్లలో వేసి, వేలితో ముంచి, గాలి బుడగలు పోయేలా పిసికి చూడండి. పాలీప్రొపిలిన్ తేలుతుంది, నైలాన్ మునుగుతుంది. 25 మిల్లీమీటర్లది బ్యాగులు రిపేరు చేసే చోట దొరుకుతుంది. 38ది మంచిది కావాలంటే హైదరాబాద్ బేగంబజార్‌లో వెతుక్కోవడమే నయం. కోసిన కొసలు లైటరుతో కాల్చి ముద్ద చేయాలి.

దారం సీట్లకు వాడే మందపాటి నైలాన్ దారం. నూలు దారం చెమటకు, వానకు కుళ్లుతుంది. పట్టీ బ్యాగుకు కలిసే ప్రతి చోటా చదరం కుట్టి దాని మధ్యలో అడ్డంగా గుణకారం గుర్తు కుట్టించాలి, లోపలివైపు అరచేతంత కాన్వాస్ ముక్క పెట్టి. బ్యాగు బట్ట ఒక్క పొర మీద ఎంత గట్టిగా కుట్టినా కుట్టు నిలుస్తుంది, బట్ట చిరుగుతుంది. కుట్టు పొడవు 3 నుంచి 4 మిల్లీమీటర్లు. ఇక్కడ కుట్టేవాళ్లతో వాదన తప్పదు, గట్టిగా ఉండాలని వాళ్లు దగ్గర దగ్గరగా వేస్తారు. మరీ దగ్గరైతే సూది పొడిచిన చిల్లులన్నీ వరసగా కలిసి పట్టీ పోస్టల్ స్టాంపులా చిరుగుతుంది. పని అయ్యాక సామాను, కూలీ కలిపి నాకు రెండు వేల లోపే అయింది, బ్యాగు ఖరీదు కాకుండా.

బరువు సర్దడం, నడిచి చూడడం

కుడి పక్క రైఫిల్ ఉంటే ఎడమ పక్క రెండు లీటర్ల నీళ్లు పెట్టమని అందరూ చెబుతారు. బాగానే ఉంటుంది, నీళ్లు తాగేదాకా. తెల్లవారి తిరిగొచ్చేటప్పుడు సీసాలు ఖాళీ, రైఫిల్ బరువు మాత్రం అంతే, భుజం ఒక పక్కకు లాగుతుంది. అందుకని ఎడమవైపు తగ్గని బరువు పెట్టాలి: టార్చి బ్యాటరీ, తాడు, మంచె మీద బిగించే కొక్కేలు. నీళ్లు మధ్యలో, వీపుకు ఆనించి. దుప్పటి అడుగున. కాగితాలు పై మూత జేబులో, పాలిథిన్ కవర్లో: అసలు లైసెన్సు, అటవీ శాఖ అనుమతి. ఎవరైనా ఆపితే బ్యాగు విప్పకుండా చేతికందాలి.

తూటాలు రైఫిల్ కవర్లో పెట్టకూడదు. బ్యాగు లోపలి జిప్పు జేబులో, గుడ్డ పట్టీలో ఒక్కొక్కటి దిగేలా కుట్టించి పెట్టాను. డబ్బాలో అయితే గలగలమంటాయి. బోల్టు మూడో చోట, నూనె గుడ్డలో చుట్టి, నడుము బెల్టు జేబులో. కవరు ఎవరైనా లాక్కున్నా, ఎక్కడైనా పడిపోయినా అందులో ఉన్నది కాల్చలేని వస్తువే. బోల్టులు ఒక రైఫిల్‌వి ఇంకోదానికి మార్చుకోకూడదు, నంబర్లు చూసుకోవాలి. ఇద్దరు కలిసి పోయినప్పుడు ఇది మరీ ముఖ్యం.

కర్ర కట్టి ఈ పనులన్నీ చేసి చూడాలి: తల రెండు వైపులా తిప్పడం, ఆకాశం చూడడం, తీగ కంచె కింద దూరడం, నడుమెత్తు గెట్టు ఎక్కి దూకడం, గొంతుక్కూర్చోవడం. టోపీ పెట్టుకుని కూడా. తల తిప్పితే కవరు చెవికి తగిలితే పై పట్టీని రెండంగుళాలు వెనక్కి కుట్టించాలి. మంచె నిచ్చెన మాత్రం రైఫిల్‌తో ఎక్కకూడదు. బ్యాగుతో మనిషి ఎక్కాక, కవరును తాడుతో కొన కిందికి పెట్టి పైకి లాగాలి. ఆ తాడు కోసం కవరు బట్ కొసకు ఒక గట్టి ఉంగరం కుట్టించండి.

శబ్దం చూసుకోవడం చివర్లో, రాత్రిపూట, ఇంటి వెనక. ఒకరిని ముప్పై అడుగుల దూరంలో నిలబెట్టి బ్యాగు దించి కవరు విప్పాలి. మొదట వినిపించేది వెల్క్రో. పగలు పట్టించుకోని ఆ చప్పుడు రాత్రి చేన్లో ఆ చివరిదాకా వినబడుతుంది. పైగా పల్లేరు కాయలు, ఉత్తరేణి గింజలు పట్టేసి నాలుగు వారాలకు అతుక్కోవడమే మానేస్తుంది. తర్వాత ప్లాస్టిక్ బకిల్ టక్కు. రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని మెల్లగా వదిలితే తగ్గుతుంది. నేను పై పట్టీకి మాత్రం బకిల్ తీసేసి కొక్కెం పెట్టించాను. జిప్పు పుల్లర్లకు లోహం బదులు దారం ముడి. వేలాడే పట్టీ కొసలు రబ్బరు బ్యాండుతో చుట్టాలి.

బండి మీద

మోటారు సైకిల్ సీటు మీద కూర్చుంటే అడుగు జేబు సీటుకు తగిలి బ్యాగు మొత్తాన్ని పైకి తోస్తుంది. రైఫిల్‌ను పైకి జరిపితే కొన తల మీద అడుగున్నర లేస్తుంది; వేప కొమ్మ ఒకటి చాలు. కవరు విడిగా ఉండడం ఇక్కడ పనికొస్తుంది. బ్యాగు నుంచి కవరు విప్పి, దాని సొంత పట్టీతో వీపు మీద ఏటవాలుగా వేసుకోవాలి, బట్ ఎడమ తుంటి కింద, కొన కుడి భుజం పైన. బ్యాగు ట్యాంకు మీదో, వెనక కూర్చున్నవాడి వీపుకో. బండికి పక్కన రైఫిల్ కట్టడం వద్దు. సైలెన్సరు వేడి ఒకటి, గుంతల్లో అదురుడు ఒకటి. ఇంజను అదురుకు స్కోపు స్క్రూలు వదులవుతాయి. అదీగాక టీ కోసం బండి దిగితే రైఫిల్ మన అదుపులో లేనట్టే.

దారి కూడా చూసుకోవాలి. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే శ్రీశైలం రోడ్డు అమ్రాబాద్ టైగర్ రిజర్వులోంచి పోతుంది. అభయారణ్యంలోకి ఆయుధంతో అడుగుపెట్టాలంటే విడిగా రాతపూర్వక అనుమతి ఉండాలి, చేనుకిచ్చిన కాగితం అక్కడ పనిచేయదు. చుట్టు తిరిగినా అడవి బయటి రోడ్డే పట్టాలి.

చేను చేరాక, తిరిగొచ్చాక

కవరు నేల మీద పరచి, కొన మనుషులు లేని వైపు పెట్టి విప్పాలి. బోల్టు లేదు కాబట్టి వెనకనుంచి గొట్టంలోకి చూడొచ్చు. టార్చి కొన దగ్గర పెడితే అవతల గుండ్రంగా వెలుతురు కనబడాలి. కనబడకపోతే కందిరీగ మట్టిగూడో, ఫోము తునకో ఉందన్నమాట. అడ్డం ఉన్న గొట్టంలో తూటా పేలితే గొట్టం ఉబ్బుతుంది లేదా చీలుతుంది. చూశాకే బోల్టు, ఆ తర్వాతే తూటాలు. దిగేటప్పుడు ఇదే తిరగేసి: మ్యాగజైన్ ఖాళీ, ఛాంబరు (గొట్టం వెనక తూటా కూర్చునే చోటు) చూపుతోనూ వేలితోనూ ఖాళీ, బోల్టు బయటికి, కవరు. తూటాలు లెక్కపెట్టి జేబులో పెట్టాలి.

ఇంటికొచ్చాక రైఫిల్ కవర్లో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు. వాన లేకపోయినా మన చెమట, మంచు చాలు. ఫోము ఆనిన చోటల్లా తెల్లారేసరికి ఎర్ర చారలు కనబడతాయి. తుడిచి, పల్చగా నూనె పట్టించి బీరువాలో పెట్టాలి. కవరు జిప్పు తీసి, లోపలిది బయటికి తిప్పి నీడన ఆరేయాలి. ఎండలో వేస్తే ఫోము ముడుచుకుంటుంది. జిప్పు పళ్లకు కొవ్వొత్తి రాస్తే దుమ్ముకు పట్టదు. ఎన్నికల కోడ్ వచ్చి రైఫిల్ స్టేషన్లో డిపాజిట్ చేయాల్సి వస్తే కవరు అక్కడ వదలొద్దు. నూనె రాసి, నూలు బట్టలో చుట్టి ఇచ్చి, కవరు ఇంటికి తెచ్చుకోండి. వారాల తరబడి కవర్లో మూసి ఉంచిన గొట్టం తిరిగొచ్చేసరికి గరుకుగా తయారవుతుంది.

అరిగేవి రెండే: అడుగు జేబు ట్యూబు ముక్క, పై పట్టీ కుట్టు. వర్షాకాలం మొదలయ్యే ముందు ఒకసారి, పల్లి పీకాక ఒకసారి కుట్లు గోటితో లాగి చూడాలి. దారం పోగు లేచిందంటే ఆ కుట్టు మొత్తం విప్పి మళ్లీ వేయించాలి. దాని మీదే ఇంకో వరస కుట్టిస్తే పాత చిల్లుల పక్కనే కొత్త చిల్లులు పడతాయి, పట్టీ అక్కడే తెగుతుంది.